స్త్రీలు - వృత్తులు: ఆకాశమార్గమున రోగిశుశ్రూష



గోదావరి యొడ్డుననున్న యొక పట్టణమునుండి మన పత్రిక చందాదారులగు ఒక తల్లి నాకు నాలుగు పుటల జాబు వ్రాసిరి. వారి యేకైక పుత్రిక నాలుగేండ్లు నర్సింగు చదివి, బి.యస్సీ. పట్టము పొంది, హైదరాబాదులో నొక ఆసుపత్రియందు ప్రాణాపాయస్థితిలోని రోగులుండు విభాగమున పదునాలుగు నెలలుగా పనిచేయుచున్నది. ఇప్పు డామెకు ఢిల్లీలోని యొక సంస్థవారు, రోగులను విమానముమీద నొక యూరినుండి మఱియొక యూరికి చేర్చు ఉద్యోగ మిచ్చెదమని వర్తమాన మంపిరట. పిల్లకు సంతోషము. తండ్రికి మౌనము. సంబంధము మాటలాడ వచ్చినవారు "గాలిలో తిరుగు ఉద్యోగమా?" యని యొకమాట యని యూరకుండిరట. "బస్సెక్కినచో వాంతి చేసికొను పిల్ల విమానములో రోగిని చూచునా? మీరు గట్టిగా వ్రాసినచో వినును. వలదని వ్రాయుడు" అని తల్లి కోరిక.

నేను వలదని వ్రాయలేదు. వెళ్లుమనియు వ్రాయలేదు. ఆ పని యెట్టిదో తెలియకుండ నే నేమి చెప్పినను అది గాలిమాటయే యగును గదా! కావున ఈ రెండు నెలలలో చదివి తెలిసికొన్నదియు, అడిగి తెలిసికొన్నదియు ఇచట వ్రాయుచున్నాను. అడిగినది ఎవరిననగా, ఈ వృత్తిలో ఆఱేండ్లు గడపి, యిప్పు డొక నర్సింగు కళాశాలలో పాఠములు చెప్పుచున్న గుంటూరు సీమ ఆడపడుచును. ఆమెతో మూడు దినములు ముచ్చటించితిని. తన పేరు వ్రాయవలదని కోరినది.

మొదట మాటల సంగతి. పారామెడిక్కు అనగా డాక్టరు కాదు; రోగి పడియున్న చోటనే చికిత్స మొదలుపెట్టుటకు తగిన శిక్షణ పొందిన వ్యక్తి. మన యిండ్లలో పసిపిల్లలకును తెలిసిన 108 బండి 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున ప్రారంభమైనది. దానిలో రోగి ప్రక్కన కూర్చుండు టెక్నీషియను ఈ వృత్తికి దగ్గఱి చుట్టమే. అమెరికాలో నీ వృత్తికి చక్కని రూపము నిచ్చినవారిలో పిట్స్‌బర్గు నగరమందలి ఫ్రీడం హౌస్ అను సంస్థవారు ముఖ్యులు. అది 1967వ సంవత్సరపు మాట. అంతకు పూర్వము అక్కడి యనేక నగరములలో రోగి ఆసుపత్రికి పోవలెనన్న పోలీసుబండియో, శవములను మోయు బండియో దిక్కు. ఫ్రీడం హౌస్ వారు పనిలేక యున్న నల్లజాతి యువకులను చేరదీసిరి. పీటర్ సఫార్ అను డాక్టరు వారికి నెలల తరబడి శిక్షణ యిప్పించెను. తరువాత నాన్సీ కరోలిన్ అను వైద్యురాలు వారితోపాటు బండ్లలో తిరుగుచు పాఠములు చెప్పెను. 1975లో నగరపాలకులు ఆ సేవను నిలిపివేసిరి. కాని ఆ యువకులు చూపిన దారినే దేశమంతయు నడచినది.

ఈ పనివారు విమానముగాని హెలికాప్టరుగాని యెక్కినచో ఫ్లైట్ పారామెడిక్కులు. నర్సులైనచో ఫ్లైట్ నర్సులు. అమెరికాలోని హెలికాప్టరులలో సాధారణముగా నర్సు ఒకరు, పారామెడిక్కు ఒకరు ఉందురు. లండనులో 1989లో మొదలైన హెలికాప్టరు సేవలో డాక్టరును పారామెడిక్కును కలిసి పోవుదురు. ఆస్ట్రేలియాలో 1928 మే నెలలో క్లన్‌కరీ అను చిన్న యూరినుండి మొదలైన ఫ్లయింగ్ డాక్టరు సేవ పేరునకు డాక్టరుదైనను, నేడు అనేక ప్రయాణములలో పైలటు కాక ఉండునది ఫ్లైట్ నర్సు ఒక్కతెయే. ఆమె మంత్రసానితనమునందు కూడ పట్టము పొందినది కావలెను. ఎడారిపైని ప్రసవమునొప్పులు వచ్చినచో ఎవరిని పిలుచును? మన దేశములో నెక్కువగా డాక్టరు, ఆయనతో నర్సో పారామెడిక్కో బయలుదేరుదురు. చిన్న పట్టణపు ఆసుపత్రినుండి పెద్ద నగరపు ఆసుపత్రికి రోగిని చేర్చుటయే ఇక్కడి పనిలో పెద్దపాలు. ఖర్చు లక్షలలోని మాట; ఆ సంగతికి మరల వత్తును.

ఇక మన గడ్డపైనుండియే లేచిన యొక ప్రయాణము సంగతి చెప్పవలెను. 1943 జనవరి 17వ తేదీన, అప్పటికి అవిభక్త భారతదేశములో నున్న కరాచీనుండి ఎల్సీ ఆట్ అను అమెరికా సైన్యపు నర్సు అయిదుగురు రోగులతో విమాన మెక్కినది. అంతకు ముం దామె విమాన మెక్కియే యెఱుగదు. ఒక దినము ముందుగా మాత్రమే ఉత్తరువు వచ్చినది. రోగులలో నిద్దఱు కదలలేని పక్షవాతపు వారు, ఒకరు క్షయరోగి, ఒకరు కంటిజబ్బువారు, ఒకరు మనస్సు చెదరినవారు. వెంట డాక్టరు లేడు. ఒక సైనిక సహాయకుడు మాత్రము కలడు, ఆయనకును కీళ్లవాతము! చేత ప్రథమచికిత్స పెట్టె ఒకటి. అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రము, దక్షిణ అమెరికా దాటుకొని, ఆగుచు ఎగురుచు, ఆఱున్నర దినములకు వాషింగ్టను చేరిరి. ఓడలో నైనచో మూడు నెలలు పట్టెడి ప్రయాణమది. ప్రయాణమైన పిమ్మట ఆమె ఇట్టి పనికి ఏమేమి కావలెనో వ్రాసి యిచ్చినది: ప్రాణవాయువు, కట్లకు మఱింత సామగ్రి, కంబళ్లు, కాఫీ, మఱియు ఈ పనికి పావడాలు పనికిరావనియు, షరాయిలు కావలెననియు. నాకీ పట్టిక చదివినపుడు ముచ్చట వేసినది. గొప్ప సాహసము చేసితినని యొక్కమాట లేదు. ఇంటికి వచ్చి సరుకుల చీటీ వ్రాసినట్లున్నది. ఆ యేడే ఆమెకు ఎయిర్ మెడల్ అను పతక మిచ్చిరి. ఆ పతకము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆ ప్రయాణము ముగిసిన మఱుసటి నెలలోనే, కెంటకీ రాష్ట్రమందలి బోమన్ ఫీల్డులో ఫ్లైట్ నర్సుల మొదటి తరగతివారు శిక్షణ ముగించుకొని వెలికి వచ్చిరి. ఆట్ తానును తరువాత అచటనే నేర్చుకొని, మరల మన దేశమునకు వచ్చి పనిచేసినది.

ఆమె ప్రాణవాయువునే మొదట ఏల కోరినదో తెలిసికొన్నచో ఈ వృత్తిలో సగము తెలిసినట్లే. ఊటీకి పోయిన సోదరీమణులు గమనించియే యుందురు: క్రింద కొన్న చిప్సు పొట్లము కొండపైకి వచ్చుసరికి ఉబ్బి బూరెవలె నుండును. పైకి పోయినకొలది గాలి యొత్తిడి తగ్గును. లోపల బంధింపబడిన గాలి వ్యాకోచించును. ఊటీ 7,300 అడుగులకు పైన ఉన్నది. సాధారణముగా ప్రయాణీకుల విమానము ఎంత యెత్తున ఎగిరినను లోపలి గాలి సుమారు 8,000 అడుగుల కొండమీది గాలివలె నుండునట్లు చేయుదురు. ఆ యెత్తున బంధింపబడిన గాలి మూడవవంతు పెరుగును. మనకు చెవులు గడియపడుటతో సరి. రోగి కట్లు కాదు. ప్రక్కటెముక విరిగి ఊపిరితిత్తి చుట్టును కొంచెము గాలి చేరియున్నవానికి, నేలమీద నది లెక్కింపదగినది కాకపోవచ్చును. ఆకాశమున నా గాలి పెరిగి ఊపిరితిత్తిని నొక్కివేయును, గుండెను ప్రక్కకు త్రోయును. గొంతులో గొట్టము వేసినవారికి ఆ గొట్టము కదలకుండ చిన్న గాలిబుడగ యొకటి ఉండును. అది యుబ్బి శ్వాసనాళపు గోడ నొరయును. కావుననే కొందఱు దానిలో గాలికి బదులు ఉప్పునీటిని నింపుదురు, మఱికొందఱు క్షణక్షణము దాని యొత్తిడిని కొలుతురు. క్రొత్తగా వేసిన పిండికట్టులో చిక్కిన గాలియు ఉబ్బును. అందుచే కట్టును నిలువున చీల్చి తీసికొనిపోవుదురు. కంటిలో రెటీనా శస్త్రచికిత్స చేసి వాయువు నింపినవారు ఆ వాయువు కరగి డాక్టరు సరే యనువఱకు విమాన మెక్కనేరాదు. ఈ యొక్కమాట మీ యింటి పెద్దవారికి చెప్పియుంచుడు. ఇది ఫ్లైట్ నర్సులకే కాదు, మనుమని చూడ పరదేశము పోవు తాతగారికిని వర్తించును.

పైకి పోయినకొలది ప్రాణవాయువును పలుచబడును. ఆరోగ్యవంతునకు తెలియదు, అంచున నున్న రోగికి తెలియును. కొన్ని సమయములందు పైలటు తక్కువ యెత్తున ఎగిరి లోపలి గాలిని నేలమీది గాలివలె నుంచగలడు. అందుకు ఇంధన మెక్కువ, కాలమెక్కువ, కుదుపులును ఎక్కువ. ఏది మేలో బయలుదేరక ముందే ముగ్గురును కూర్చుండి తేల్చుకొనవలెను.

ప్రాణవాయువు లెక్కనుగూర్చి గుంటూరు సోదరి చెప్పినది విన్నపుడు, పెండ్లియింట బియ్యము లెక్కవేయు మా మేనత్తగారు జ్ఞప్తికి వచ్చిరి. రోగికి నిముసమునకు 10 లీటరులు కావలె ననుకొందము. ఆసుపత్రినుండి విమానాశ్రయమునకు 45 నిముసములు, గాలిలో 120 నిముసములు, దిగిన పిమ్మట రెండవ ఆసుపత్రికి 60 నిముసములు: మొత్తము 225 నిముసములు, 2,250 లీటరులు. క్రొత్తవారు ఇచట లెక్క ఆపుదురు. తెలిసినవారు దానికి మఱి సగము కలిపి 3,375 అందురు. ఏలయన విమానము దిగుటకు అనుమతి దొరకక చుట్లు తిరుగవచ్చును, క్రింద అంబులెన్సు రైల్వేగేటు వద్ద ఆగవచ్చును. బి రకపు సిలిండరులో 1,500 లీటరులు పట్టును గనుక మూడు కావలెను. "విందులో అన్నము తక్కువైనచో మరల వండవచ్చును. మాకు మధ్యలో అంగడి లేదు" అని ఆమె నవ్వుచు చెప్పినది.

చప్పుడు సంగతి నేను ముందు ఊహింపలేదు. హెలికాప్టరులో స్టెతస్కోపు చెవిని పెట్టుకొన్నను గుండెసవ్వడి వినరాదు. మన వైద్యవిద్య అంతయు చెవితో ముడిపడియున్నది. అచట చెవి పనిచేయదు. కన్నును చేయియు మిగులును. ఱొమ్ము లేచుచున్నదా, పెదవుల రంగెట్లున్నది, యంత్రపు తెఱపై గీత యెట్లు నడచుచున్నది, చేతి చర్మము చల్లబడినదా, ఇవియే ఆధారములు. రోగితో మాటలాడుటకును వీలు లేదు. కావున ఎక్కింపక ముందే చెవికడ వంగి, "ఇప్పుడు పెద్ద చప్పుడగును, కుదుపు కలుగును, నేను మీ ఎడమచేతి వైపున నుందును, బాధ కలిగినచో నా చేయి రెండుసారులు నొక్కుడు" అని చెప్పవలెను. స్పృహ లేనివారికిని చెప్పుదునని ఆమె యన్నది. ఎందుకని నే నడుగలేదు.

ఈ కారణములవలననే, నేలమీద చేయదగిన పని నంతయు నేలమీదనే ముగింతురు. గొట్టములు, సూదులు, కట్లు అన్నియు సరిచూచి, పట్టీలు బిగించి, అటుపిమ్మట రోగిని కదలింతురు. చుట్టుప్రక్కల వారికి ఇది జాగుగా తోచును. విమానము వచ్చి నిలిచియున్నది, వీరు రోగిప్రక్కన కూర్చుండి దారములు కట్టుచున్నా రేమని బంధువులు మండిపడుదురు. విమానము తెచ్చినది వేగముకొఱకు గదా! వారి కోపము తప్పని నే ననను. అర్ధరాత్రి నగలు తాకట్టుపెట్టి లక్షలు కట్టినవారికి ఒక్కొక్క నిముస మెంత బరువో ఊహింపవచ్చును.

ఇక తల్లిగారి భయము సంగతి. భయపడుట సహజము. అమెరికాలో 2008వ సంవత్సరము ఈ వృత్తికి చెడ్డయేడు. రోగులకొఱకు ఎగురు హెలికాప్టరులు వరుసగా కూలి పలువురు నర్సులు, పారామెడిక్కులు, పైలటులు మరణించిరి. అచటి రవాణా భద్రతా మండలివారు 2009 ఫిబ్రవరిలో నాలుగు దినములు విచారణ జరిపిరి. రాత్రివేళ, చెడు వాతావరణమున, రోగి ప్రాణముమీది కరుణచేత బయలుదేరుటయే అనేక ప్రమాదములకు మూలమని కనబడినది. 2014లో ప్రభుత్వమువారు నియమములు బిగించి, నేల దగ్గఱపడినపుడు హెచ్చరించు పరికరమును ఇట్టి హెలికాప్టరులలో తప్పనిసరి చేసిరి. మన దేశమున హృషీకేశమందలి ఎయిమ్స్ ఆసుపత్రికి 2024 అక్టోబరులో హెలికాప్టరు అంబులెన్సు వచ్చినది. 2025 మే 17వ తేదీన అది రోగిని తెచ్చుటకు కేదారనాథమునకు పోయి, దిగునపుడు తోక విఱిగినది. లోనివారు ముగ్గురును క్షేమముగా బయటపడిరి. వీనిని దాచి, భయమేమియు లేదని వ్రాయుట నాకు చేతకాదు.

ఐతే ఆ ప్రమాదములనుండి పుట్టిన రెండు కట్టుబాట్లు నన్ను మిక్కిలి ఆలోచింపజేసినవి. మొదటిది: అనేక సంస్థలలో పైలటునకు రోగి సంగతి చెప్పరు. ఎచటినుండి ఎచటికి, ఎంత బరువు, ఇంతియే. పసిబిడ్డయా, గర్భిణియా, వృద్ధుడా యని తెలియనీయరు. తెలిసినచో ఆయన మబ్బులను చూడక బిడ్డను చూచును. మబ్బులను మాత్రమే చూచి పోవచ్చునో పోరాదో చెప్పుటకు ఆయనను అట్లు తెలియనివానిగా నుంతురు. వినుటకు కఱకుగా నున్నది. ఆలోచించినకొలది ఇందు దయ యున్నదని నాకు తోచినది. రెండవది: పోవుటకు ముగ్గురును ఒప్పుకొనవలెను, వలదనుటకు ఒక్కరు చాలును. ఆ యొక్కరు చిన్న నర్సైనను సరే. కారణము అడుగరాదు, పరిహసింపరాదు, జీతము కోయరాదు.

తల్లిగారూ, మీ జాబునకు నా ప్రత్యుత్తరము నిజముగ నిచట మొదలగుచున్నది. మన యిండ్లలో ఆడపిల్లలకు ఏమేమో నేర్పుదుము గాని, పెద్దల యెదుట "ఇది తగదు" అని నెమ్మదిగా చెప్పి, చెప్పినమాటపై నిలుచుట నేర్పుదుమా? పిల్ల ఎదురు చెప్పదని పెండ్లిచూపులలో గొప్పగా చెప్పుకొందుము. ఈ వృత్తిలో ఎదురు చెప్పలేని పిల్ల తనకును రోగికిని అపాయమే. మీ యమ్మాయి విమానమున కళ్లు తిరిగి పడునేమో యని మీరడిగితిరి. నేనడుగునది, ఆమె యొక పెద్ద డాక్టరుగారి మాటకు కాదనగలదా యని.

ఇందుకు గుంటూరు సోదరి తన యనుభవ మొకటి చెప్పినది. ఆమె పనిలో చేరిన రెండవ యేడు. ఒక చిన్న పట్టణపు ఆసుపత్రినుండి రోడ్డుప్రమాదమున గాయపడిన అరువదేండ్ల పెద్దమనిషిని నగరమునకు తీసికొనిపోవలెను. ఆకాశము నిర్మలము, పైలటు సిద్ధము. వెంటనున్న డాక్టరుగారును కాగితములు చూచి సరే యనిరి. ఆమె రోగి ఱొమ్ముపై చేయి వేసి చూడగా, కుడివైపున చర్మము క్రింద చిటచిటమని మంచుపొడి నొక్కినట్లున్నదట. లోపల ఎచటనో గాలి కాఱుచున్నదని గుర్తు. పొద్దుటి ఎక్స్‌రేలో అది కనబడలేదు. "ఱొమ్ములో గొట్టము వేసి గాలి వెలికి పోవు దారి చేయనిదే నేను బయలుదేరను" అన్నది. ఆసుపత్రి డాక్టరునకు కోపము వచ్చినది. వెంటనున్న డాక్టరుగారు రెండు నిముసములు మాటాడలేదట. రోగి పెద్దకొడుకు, "మీరు డాక్టరా, నర్సా? మేము డబ్బు కట్టినది మీ పాఠములు వినుటకా?" యని అఱచెను. ఆమె చేతులు వణకుచున్నవి. కనబడకుండ జేబులలో పెట్టుకొన్నదట. చివరకు వెంటనున్న డాక్టరుగారు మరల తామే చేయివేసి చూచి, గొట్టము తెమ్మనిరి. ఏబది నిముసములు గడచినవి. పిమ్మట బయలుదేరిరి. గాలిలో గొట్టమునకు తగిలించిన సీసాలో బుడగలు వచ్చుచునే యున్నవి. రోగి రక్తపుపోటు పడలేదు, శ్వాస తప్పలేదు, ఏమియు జరుగలేదు. నగరమున దిగి రోగిని అప్పగించిన పిమ్మట, ఆ కొడుకు ఆమెను చూచి, "చూచితిరా, ఏమియు జరుగలేదు. ఊరకే గంట వృథా చేసితిరి" అని వెళ్లిపోయెనట.

"మీరేమంటిరి?" అని యడిగితిని. "సిలిండరులు దింపించితిని. మఱుసటి పిలుపు ఆ రాత్రియే యున్నది" అన్నది. ఆ పెద్దమనిషి తరువాత ఏమైనాడో ఆమెకు తెలియదు. ఎక్కువమంది సంగతి తెలియదట. ఆసుపత్రి నర్సు రోగి కోలుకొని ఇంటికి పోవుట చూచును. ఫ్లైట్ నర్సు తలుపు వద్ద అప్పగించి మరలును. ఆఱేండ్లలో తనకు మిక్కిలి భారమైనది అదియేనని ఆమె చెప్పినది. దారిలోనే ప్రాణము పోయినవారును ఉన్నారు. వారి పేర్లు మాత్రము గుర్తున్నవట.

కావున అమ్మాయి ఆ సంస్థవారిని కొన్నిమాటలు అడిగి తెలిసికొనవలెను. కాదను హక్కు వారి కాగితములలో వ్రాసి యున్నదా, లేక నోటిమాటయా? ఈ మధ్య ఎవరైన కాదనిరా, వారిపుడు ఉద్యోగములోనే యున్నారా? విశ్రాంతి లేకుండ ఎన్ని గంటలు పిలుతురు? జీవితబీమా యెంత, అది విమానములో నున్నపుడును చెల్లునా? చాల బీమాలు మామూలు టిక్కెట్టుతో పోవు ప్రయాణీకునకు చెల్లినట్లు పనివారికి చెల్లవు. కాగితము చదువనిదే సంతకము చేయరాదు. శిక్షణ యెన్ని వారములు, ఎవరి ఖర్చు? ఇక పదునాలుగు నెలల యనుభవము చాలునా యన్న, విదేశములలో సాధారణముగా మూడునుండి అయిదేండ్లు ప్రాణాపాయ విభాగమున పనిచేసినవారినే తీసికొందురు. గాలిలో రెండవ అభిప్రాయ మడుగుటకు ప్రక్కన ఎవరును ఉండరు గనుక ఆ నియమము న్యాయమే యని నా యూహ. మఱి రెండేండ్లు హైదరాబాదులోనే యుండి పోయినచో అమ్మాయికి నష్టము లేదు. ఆ పని ఎచటికిని పాఱిపోదు.

వియ్యమందువారు "గాలిలో తిరుగు ఉద్యోగమా" యన్నమాటకు ఒక చిన్న పాతకథ. 1930లో అమెరికాలో ప్రయాణీకుల విమానములలో మొదటిసారి స్త్రీలను పరిచారికలుగా పెట్టినపుడు, ఆ యెనిమిదిమందియు నర్సులే. వారిలో మొదటిది ఎల్లెన్ చర్చ్. నర్సు యున్నచో ప్రయాణీకులకు ధైర్యముగా నుండునని ఆమెయే కంపెనీవారికి నచ్చజెప్పినది. ఐతే ఆ కంపెనీవారు పెండ్లికాని వారినే తీసికొనిరి, ఇంత పొడవు మించరాదు, ఇంత బరువు మించరాదనిరి. నేడు బరువు నియమము మాత్రము ఫ్లైట్ నర్సులకు మిగిలియున్నది, అదియు హెలికాప్టరు మోయవలెను గనుక. పెండ్లి నియమము పోయినది. మన వియ్యాలవారి నాలుకపై మాత్రము ఇంకను ఉన్నట్లున్నది. గుంటూరు సోదరికి ఇద్దఱు పిల్లలు. రెండవ కానుపునకు ముందు ఎగురుట మాని నేలపై పని తీసికొన్నది. తిరిగి ఏడాదిన్నరకు పోయినది. అత్తగారు పిల్లలను చూచుకొనిరి. ఆమెకు జీతముకంటె ఆ యత్తగారే పెద్ద ఆధారమని నాకు తోచినది.

దుస్తుల సంగతియు కొందఱు అడుగుదురు. హెలికాప్టరు పనివారికి నిప్పంటుకొనని యొకవిధమగు గుడ్డతో కుట్టిన నిలువుటంగీ, తలకు శిరస్త్రాణము. దాని లోపల నూలుబట్టలే కట్టవలెను. నైలాను వంటివి మంటకు కరగి చర్మమున కంటుకొనును. జుట్టు ముడివేసి లోపలికి దోపవలెను. ఇది చదువు మీ కందఱకును ఒకమాట: ఏ వరదలలోనో మీ యూర హెలికాప్టరు దిగినచో దాని వెనుకవైపునుండి ఎన్నడును సమీపింపకుడు, తోకయందలి చిన్న చక్రము తిరుగునపుడు కంటికి కనబడదు. పైలటు కన్నులకు కనబడునట్లు ముందువైపున నిలిచి, ఆయన సైగచేసిన పిమ్మట వంగి నడువుడు. పైటచెంగు నడుమునకు బిగించుకొనుడు, దుప్పటులు, గొడుగులు, గోనెలు దగ్గఱ నుంచకుడు.

చివరగా, బస్సులో వాంతులు. ఇది నేను నవ్వి వదలివేసిన సంగతి. గుంటూరు సోదరి వదలలేదు. తనకును మొదటి మూడు నెలలు అట్లే యుండెడిదట. విమానములో రోగివైపు తిరిగి, తల వంచి, వెనుకకు పోవుచు కూర్చుండవలసి వచ్చును. అంతకంటె చెడ్డ కూర్చుండుట లేదు. వాంతికి మామూలుగా వేసికొను మాత్రలు నిద్ర తెచ్చును గనుక పనిలో పనికిరావు. కడుపు ఖాళీగానుంచక, నూనెలేని చిన్న ఆహార మేదైన తిని, నడుమనడుమ తలయెత్తి కిటికీలోనుండి దూరమున ఆకాశము నేలను తాకు గీతను చూచుచుండవలెనని ఆమె చెప్పినది. నూటికి నూఱుపాళ్లు పోదు, కాని చాలమందికి అలవాటగును. కొందఱికి ఎన్నటికిని కాదు, వారు మానుకొందురు. కావున మీ యమ్మాయి సంతకము చేయకముందు రెండు మూడు ప్రయాణములు ఊరకే వెంట పోయి చూచుటకు అనుమతి యడుగవలెను. ఇచ్చు సంస్థలు కలవట. మొదటిసారి పోవునపుడు సంచిలో సొంఠిబిళ్లలును, రెండు కాగితపు సంచులును పెట్టి పంపుడు.